డ్యూటీ మానకుండా ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ డిగ్రీ: టెక్నీషియన్‌గా నా అనుభవం

నాలుగేళ్ల కోర్సు నాకు ఏడేళ్లు పట్టింది. ఇందులో వింతేమీ లేదు, లెక్క వేస్తే అంతే వస్తుంది. సెమిస్టర్‌కు అయిదు సబ్జెక్టుల చొప్పున ఎనిమిది సెమిస్టర్లంటే 40 సబ్జెక్టులు. షిఫ్ట్ డ్యూటీ చేసేవాళ్లు మూడింటికి మించి లాగలేరు. 40ని మూడుతో భాగిస్తే 13, 14 సెమిస్టర్లు. నాలుగు తీసుకుని త్వరగా ముగిద్దామనుకున్న సెమిస్టర్లలో చివరికి ఒకటి వదిలేయాల్సి వస్తుంది, కట్టిన ఫీజు పోతుంది. మూడుతోనే మొదలుపెట్టండి. అందులో కూడా లెక్కలెక్కువ ఉన్నవి రెండే ఉండాలి, మూడోది రిపోర్టులు, డ్రాయింగులు లాంటి తేలిక సబ్జెక్టు కావాలి.

అసలు వెయిటింగ్ చేరకముందే మొదలవుతుంది. డిప్లొమా ఉన్నవాళ్లకు కొన్ని సబ్జెక్టుల మినహాయింపు దొరుకుతుంది. దానికి మార్కుల జాబితాలు ఒక్కటే చాలవు. ప్రతి సబ్జెక్టుకూ అప్పట్లో నడిచిన సిలబస్, యూనిట్ల వారీగా, గంటల లెక్కతో సహా అడుగుతారు. పాత సిలబస్ కాపీలు మనం చదివిన చోట నుంచి తెప్పించుకోవడానికే వారాలు పడుతుంది. వాటిని పరిశీలించి నిర్ణయం చెప్పేసరికి తరగతులు మొదలైపోయి ఉంటాయి. ఆ లోపు ఏం తీసుకోవాలన్నది అందరికీ వచ్చే అనుమానమే. నేరుగా లెక్కలు తీసుకోండి. వర్క్‌షాపుకూ, డ్రాయింగుకూ, బేసిక్ ఎలక్ట్రికల్‌కూ మినహాయింపు రావచ్చు గానీ లెక్కలకు వచ్చేది చాలా అరుదు. మెషిన్స్ మీద కూడా ఆశ పెట్టుకోకండి. డిప్లొమాలో మోటారు ఎలా తిరుగుతుందో చదువుతాం, డిగ్రీలో దాని ఈక్వివలెంట్ సర్క్యూట్ గీసి స్లిప్ (మోటారు వెనకబడే వేగం) మారితే టార్క్ (తిప్పే బలం) ఎంతో లెక్కగడతాం. పేరొక్కటే, సబ్జెక్టు వేరు.

ఇంకో సంగతి కూడా ముందే చూసుకోవాలి. సబ్జెక్టులు గొలుసుకట్టుగా ఉంటాయి. కాల్క్యులస్ అయితేనే డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, అవి అయితేనే సిగ్నల్స్, ఆ తర్వాతే కంట్రోల్ సిస్టమ్స్. కొన్నింటిని ఏడాదికి ఒక్కసారే నడుపుతారు. ఆ గొలుసులో ఒక్కటి తప్పితే పోయేది సెమిస్టర్ కాదు, ఏడాది. కాబట్టి టైమ్ లేనప్పుడు ఏది వదిలేయాలో మార్కుల్ని బట్టి కాకుండా గొలుసుని బట్టి తేల్చుకోవాలి.

షిఫ్టుల విషయం. థియరీ క్లాసులు సాయంత్రాలు ఉంటాయి, రికార్డింగులూ దొరుకుతాయి. ల్యాబుకు ఆ వెసులుబాటు లేదు. వారంలో ఒక రోజు, ఒకటే టైమ్, మనిషి ఉండాల్సిందే. మన షిఫ్టేమో వారం వారం మారుతుంది. అందుకే రిజిస్ట్రేషన్‌కు ముందు సూపర్‌వైజర్ దగ్గర రెండు కాగితాలు అడిగి తీసుకోవాలి. ఒకటి రాబోయే ఆర్నెల్ల షిఫ్ట్ రోస్టర్, రెండోది షట్‌డౌన్ షెడ్యూల్, అంటే మరమ్మతులకు ప్లాంటు ఆపే తేదీలు. పెద్ద షట్‌డౌన్లు నెలల ముందే ఖరారవుతాయి. కాంట్రాక్టర్లను పిలవాలి, స్పేర్లు తెప్పించాలి కాబట్టి ఆ తేదీలు అంత సులభంగా జరగవు. వాటిని పరీక్షల తేదీల పక్కన పెట్టి చూస్తే ఏ సెమిస్టర్‌లో మూడు తీసుకోవాలో, ఏ సెమిస్టర్‌లో ఒక్కదానితో సరిపెట్టుకోవాలో తెలిసిపోతుంది.

పరీక్ష రోజుకు మాత్రం షిఫ్ట్ మార్చుకోవడం మీద ఆధారపడకూడదు. లీవే పెట్టాలి. ప్లాంటులో రిలీవర్, అంటే తర్వాతి షిఫ్టువాడు, రానిదే మనం గేటు దాటలేం. మార్చుకున్నవాడు జ్వరమని ఫోన్ చేస్తే మన పరీక్ష అక్కడితో సరి. పరీక్ష ముందు రోజు రాత్రి డ్యూటీ కూడా లేకుండా చూసుకోవాలి. తెల్లవారుజామున ఏ ఫీడరో (కరెంటు పంపే లైను) ట్రిప్పయితే అది తేలేదాకా ఎవరూ కదలడానికి ఉండదు. పర్మనెంట్ నైట్ షిఫ్ట్ తీసుకుంటే పగలంతా చదువుకోవచ్చని చాలామంది సలహా ఇస్తారు. నాకది నచ్చలేదు. పగటి నిద్ర ఎప్పుడూ రెండు ముక్కలే, ఆ మగతలో డెరివేషన్ ఒక పేజీ దాటదు. జనరల్ షిఫ్ట్ ఇవ్వకపోతే మారే షిఫ్టే నయం. ఉదయం షిఫ్ట్ వారంలో కొత్త పాఠాలు, నైట్ వారంలో చేసిన లెక్కలే మళ్లీ చేయడం అని విడగొట్టుకుంటే బండి నడుస్తుంది.

మొదటి ఏడాది మనసుకు కష్టంగా ఉంటుంది. ప్యానెల్ డ్రాయింగ్ చూడగానే ఫాల్ట్ ఎక్కడుందో చెప్పగలిగే మనిషి క్లాసులో భిన్నాల దగ్గర తడబడతాడు. కాల్క్యులస్ ఆలోచన అంత కష్టం కాదు. ఇబ్బందల్లా దాని కింద ఉండే బీజగణితం, లాగ్‌లు, త్రికోణమితి సూత్రాలతోనే. అవి ఏళ్లుగా వాడక తుప్పు పట్టి ఉంటాయి. చేరడానికి మూడు నెలల ముందు ఈ మూడే కాగితం మీద చేతితో చేస్తే చాలు, కాల్క్యులస్ పుస్తకం ముందే తిరగేయనక్కర్లేదు. కాల్క్యులేటర్ విషయానికొస్తే, కాంప్లెక్స్ (సంకీర్ణ) సంఖ్యల్ని నేరుగా గుణించి భాగించేది, పోలార్‌నూ రెక్టాంగ్యులర్‌నూ ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మార్చేది కొనండి. పరీక్షకు ఆ మోడల్‌ను అనుమతిస్తారో లేదో ముందు కనుక్కోండి. ఏసీ సర్క్యూట్లలో మార్కులు ఎక్కువగా పోయేది డిగ్రీలు, రేడియన్ల దగ్గరే. ఒమేగా టీ (టైమ్‌తో పాటు తిరిగే కోణం) రేడియన్లలో ఉంటుంది, దాని పక్కనే ఫేజ్ కోణాన్ని 30 డిగ్రీలని రాస్తారు. రెండింటినీ అలాగే కలిపితే జవాబు గల్లంతు.

కాంప్లెక్స్ సంఖ్యలు మాత్రం టెక్నీషియన్‌కు అందరికంటే తేలిగ్గా ఎక్కాలి. సింగిల్ ఫేజ్ మోటారు కెపాసిటర్ మీద మీటరు పెడితే సప్లై కంటే ఎక్కువ వోల్టేజీ చూపించడం మనం ఎన్నోసార్లు చూసి ఉంటాం. కెపాసిటర్ వోల్టేజీ, దానికి సిరీస్‌లో ఉన్న వైండింగ్ వోల్టేజీ మామూలుగా కూడితే సప్లైకి సరిపోవు, ఎందుకంటే వాటి దిశలు వేరు. 3 ఓముల రెసిస్టెన్స్, 4 ఓముల రియాక్టెన్స్ (ఏసీకి కాయిలో కెపాసిటరో చూపే అడ్డు) సిరీస్‌లో కలిస్తే 7 కాదు, 5. క్లాసులో మిగతావాళ్లకు అది సూత్రం, మనకు మీటరు మీద చూసిన సంగతి.

రెండో ఏడాది సర్క్యూట్స్‌లో ఎదురయ్యే ఇబ్బంది వేరే. జవాబు ముందే తెలిసి ఉంటుంది, మెట్లు రాయబుద్ధి కాదు, మార్కులేమో మెట్లకే. మోటారును ముందు స్టార్ కనెక్షన్‌లో తక్కువ కరెంటుతో మొదలుపెట్టి తర్వాత డెల్టాకు మార్చే స్టార్-డెల్టా స్టార్టరే తీసుకోండి. స్టార్‌లో కరెంటు మూడో వంతు అని ప్యానెల్ కట్టే ప్రతివాడూ చెబుతాడు. ఎందుకని అడిగితే ఆగిపోతాడు. డెల్టాలో వైండింగుకు పూర్తి 415 వోల్టులు అందుతాయి, స్టార్‌లో దాన్ని రూట్ 3తో భాగించగా వచ్చే 240 మాత్రమే. కాబట్టి వైండింగులో కరెంటు రూట్ 3 వంతున తగ్గుతుంది. దానికి తోడు డెల్టాలో లైన్ కరెంటు వైండింగ్ కరెంటుకు రూట్ 3 రెట్లు, స్టార్‌లో రెండూ ఒకటే. ఈ రెండు రూట్ 3లు కలిసి మూడయ్యాయి. టార్క్ వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అదీ మూడో వంతే. లోడుతో స్టార్టయ్యే కన్వేయర్ స్టార్‌లో వేగం అందుకోకపోతే టైమర్ పెంచి లాభం లేదన్నది ఇక్కడే తేలుతుంది. టైమర్ పెంచినకొద్దీ వైండింగ్ వేడెక్కుతుంది తప్ప టార్క్ పెరగదు. ఓవర్‌లోడ్ రిలే (కరెంటు మితిమీరితే మోటారును ఆపేది) వైండింగ్ దారిలో ఉంటే ఫుల్ లోడ్ కరెంటుకు 0.58 వంతున సెట్ చేయమనడం కూడా అదే రూట్ 3 లెక్క. 55 ఆంపుల మోటారుకు 32 ఆంపులు. దాన్ని 55 దగ్గర పెట్టి వదిలేసిన స్టార్టర్లు ఉంటాయి. వాటికి ఓవర్‌లోడ్ రక్షణ ఉన్నా లేనట్టే.

ల్యాబులో మన చేయి తిరిగి ఉంటుంది కాబట్టి వైరింగ్ గంటలో అయిపోతుంది. కష్టమంతా రిపోర్టుతోనే. రీడింగ్ ఎంతో రాస్తే సరిపోదు, మీటరు ఖచ్చితత్వం ఎంత, 5 శాతం టాలరెన్స్ ఉన్న రెసిస్టర్ వల్ల జవాబు ఎంత వరకు అటూ ఇటూ కావచ్చు అన్నది కూడా రాయాలి. ఒక్కో రిపోర్టుకు ఒక సాయంత్రం పోతుంది, వారం ప్లానులో దీన్ని ముందే లెక్కలోకి తీసుకోండి. ల్యాబులో మనం నలుగురికీ పనికొచ్చేది ఆసిలోస్కోప్ దగ్గర. ప్రోబ్ క్లిప్పు లోపల నేరుగా ఎర్త్‌కు కలిసి ఉంటుంది. మెయిన్స్‌తో నడిచే సర్క్యూట్‌లో దాన్ని ఎక్కడపడితే అక్కడ తగిలిస్తే షార్టే. కొందరు స్కోప్ ప్లగ్గులో ఎర్త్ పిన్ తీసేసి నెట్టుకొస్తారు. అప్పుడు స్కోప్ బాడీయే లైవ్ అవుతుంది. సరైన దారి డిఫరెన్షియల్ ప్రోబ్, అది ఎర్త్‌తో పనిలేకుండా రెండు చోట్ల మధ్య తేడా కొలుస్తుంది. అది లేకపోతే ఆ కొలత ఆ రోజుకు వద్దు.

పనిలో చూసిన ఒక పాత చిక్కు క్లాసులో విడిపోవడంలో ఉన్న ఆనందం వేరు. పొడవాటి కంట్రోల్ కేబుల్‌లో రెండు వైపులా ఊడదీసిన స్పేర్ కోర్ (వాడని తీగ) మీద డిజిటల్ మీటరు ఎనభై, తొంభై వోల్టులు చూపిస్తుంది. చిన్న బల్బు తగిలిస్తే మాయం. కరెంటున్న పక్క కోరుతో కెపాసిటెన్స్ ఒక మీటరు పొడవుకు 100 పికోఫారడ్లు అనుకుంటే, వంద మీటర్ల కేబుల్‌కు 10 నానోఫారడ్లు. 50 హెర్ట్జ్ దగ్గర దాని రియాక్టెన్స్ సుమారు 3 లక్షల 18 వేల ఓములు. డిజిటల్ మీటరు ఇన్‌పుట్ 10 మెగా ఓములు, అంటే కోటి. కోటి ముందు మూడు లక్షలు లెక్కలోవి కావు కాబట్టి కెపాసిటర్ గుండా వచ్చిన వోల్టేజీ మీటరు మీద దర్జాగా నిలబడుతుంది. మీటరును లో ఇంపెడెన్స్ మోడ్‌లో పెడితే ఇన్‌పుట్ కొన్ని వేల ఓములకు దిగి రీడింగ్ పడిపోతుంది. స్విచ్ ఆఫ్ చేశాక కూడా పీఎల్‌సీ (యంత్రాలను నడిపే చిన్న కంప్యూటర్) ఏసీ ఇన్‌పుట్ ఆన్‌లోనే ఉండిపోవడానికి కారణం చాలాసార్లు ఇదే. ఇన్‌పుట్ కార్డు మార్చడం దండగ, దానికి సమాంతరంగా సరైన వాటేజీ ఉన్న రెసిస్టర్ పెడితే పోతుంది. ఒక్క హెచ్చరిక: ఇది తెలిసింది కదా అని రీడింగ్ కనపడిన ప్రతి కోరునూ ఉత్తుత్తి వోల్టేజీ అనుకోకూడదు. ముందు తెలిసిన లైవ్ మీద మీటరు పరీక్షించాలి, తర్వాత పని చేసే చోట చూడాలి, మళ్లీ లైవ్ మీద చూడాలి. సప్లై ఆపి లాకూ ట్యాగూ వేశాక కూడా ఈ మూడు మెట్లు తప్పనిసరి.

మూడో ఏడాది పాఠాల నుంచే పనీ చదువూ ఒకదానికొకటి కలిసొస్తాయి. నాలాగా నెమ్మదిగా నడిచేవాళ్లకు అది క్యాలెండర్‌లో నాలుగో ఏడు సగం దాటాక. అప్పటిదాకా ఎందుకొచ్చిన చదువురా అనిపించే రోజులు చాలానే ఉంటాయి, మానేసేవాళ్లలో ఎక్కువమంది అంతకు ముందే మానేస్తారు. పవర్ సిస్టమ్స్ మొదలయ్యాక మనం రోజూ చూసే స్విచ్ రూమే లెక్కల పుస్తకం అవుతుంది. 1000 కేవీఏ, 415 వోల్టులు, 5 శాతం ఇంపెడెన్స్ అన్న ట్రాన్స్‌ఫార్మర్ నేమ్‌ప్లేటు చాలు. ఫుల్ లోడ్ కరెంటు 1391 ఆంపులు. దాన్ని 0.05తో భాగిస్తే షార్ట్ సర్క్యూట్ కరెంటు దాదాపు 27.8 కిలో ఆంపులు. ఆ ప్యానెల్ ఇన్‌కమర్ (సప్లై లోపలికొచ్చే చోటు) దగ్గర 25 కిలో ఆంపుల బ్రేకర్ ఉంటే అది ఏళ్లుగా బాగానే పనిచేస్తుందన్న మాటకు అర్థం లేదు, అసలు పరీక్ష దానికి ఇంకా ఎదురుకాలేదు అంతే.

కెపాసిటర్ ప్యానెల్ కథ ఇంకా బాగుంటుంది. 100 కిలోవాట్ల లోడును 0.75 పవర్ ఫ్యాక్టర్ (తీసుకున్న కేవీఏలో నిజంగా పనికొచ్చే వంతు) నుంచి 0.95కు తేవాలంటే రెండు కోణాల టాన్‌ల తేడాతో గుణించాలి. 0.882 లోంచి 0.329 తీసేస్తే 0.553, అంటే 55 కేవీఏఆర్ (కెపాసిటర్ల సైజును చెప్పే కొలత). ఇక్కడిదాకా టెక్నీషియన్ టేబుల్ చూసి చెప్పగలడు. చెప్పలేనిది రెజొనెన్స్, అంటే కెపాసిటర్లూ ట్రాన్స్‌ఫార్మరూ కలిసి ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర కరెంటును విపరీతంగా పెంచేయడం. పై ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫాల్ట్ లెవెల్, 1000ని 0.05తో భాగిస్తే, 20,000 కేవీఏ. దాని మీద 400 కేవీఏఆర్ కెపాసిటర్లు పెడితే నిష్పత్తి 50, దాని వర్గమూలం 7.07. అంటే సరిగ్గా ఏడో హార్మోనిక్ (50 హెర్ట్జ్‌కు ఏడు రెట్ల ఫ్రీక్వెన్సీ) పక్కన రెజొనెన్స్. ప్లాంటులో డ్రైవ్‌లు (మోటారు వేగం మార్చేవి) పెరిగేకొద్దీ అవి పుట్టించేది 5, 7, 11, 13 హార్మోనిక్‌లే. ఆన్‌లో ఉన్న స్టెప్పులు (కెపాసిటర్ గుంపులు) తక్కువగా ఉన్నప్పుడు, అంటే 200 కేవీఏఆర్ దగ్గర, రెజొనెన్స్ 10 దగ్గర ఉంటుంది, ఏ ఇబ్బందీ కనపడదు. అన్ని స్టెప్పులూ పడ్డాకే ఫ్యూజులు పోతాయి, కెపాసిటర్లు ఉబ్బుతాయి. పెద్ద ఫ్యూజు వేస్తే ఈ జబ్బు తగ్గదు. కెపాసిటర్లకు సిరీస్‌లో 7 శాతం రియాక్టర్లు (కాయిళ్లు) పెడితే ట్యూనింగ్ 189 హెర్ట్జ్‌కు, అంటే అయిదో హార్మోనిక్ కంటే కిందికి దిగి చిక్కు తప్పుతుంది. అయితే రియాక్టర్ పెట్టాక కెపాసిటర్ మీద వోల్టేజీ 415ను 0.93తో భాగించినంత, అంటే 446కు పెరుగుతుంది. పాత 440 వోల్టుల కెపాసిటర్లనే ఉంచి రియాక్టర్లు కొన్నవాళ్లకు మళ్లీ అవే కెపాసిటర్లు పోతాయి. సప్లై ఇంకాస్త ఎక్కువగా ఉండే రాత్రులు మరీను.

ఇవన్నీ తెలిశాక ఒక ఇరకాటం వస్తుంది. కారణం తెలుసు, మార్చే అధికారం లేదు. రిలే సెట్టింగు తప్పని లెక్క తేలినా టెక్నీషియన్ హోదాలో స్క్రూడ్రైవర్ పట్టుకెళ్లి మార్చేయకూడదు. ఒక పేజీ నోట్ రాయాలి: నేమ్‌ప్లేటు విలువలు, ఇప్పుడున్న సెట్టింగు, ఉండాల్సిన సెట్టింగు, లెక్క, తీసిన తేదీతో క్లాంప్ మీటరు రీడింగులు. దాన్ని ఇంజనీరు ద్వారా పంపాలి. జవాబు రావడానికి నెలలు పట్టినా సరే. "ఏం ఇంజనీరు గారూ" అని షిఫ్టులో ఏడిపించేవాళ్లు ఎలాగూ ఉంటారు. అలాంటి నోట్లు నాలుగు పేరుకున్నాక వాళ్లే "అన్నా, ఇదోసారి చూడు" అని వస్తారు. ఆ కాగితాలు దాచుకోండి, ఇంటర్వ్యూలో మార్కుల జాబితా కంటే వాటి గురించే ఎక్కువ అడుగుతారు.

ఖర్చుల్లో పెద్దది ఫీజు అనుకుంటాం. పోగొట్టుకునే ఓవర్‌టైమ్ దానికంటే ఎక్కువ కావచ్చు, రెండూ కలిపి లెక్క వేసుకోండి. కంపెనీ ఫీజు భరిస్తుందంటే మూడు సంగతులు రాతపూర్వకంగా అడగాలి. డబ్బు ముందిస్తారా, ఫలితాలొచ్చాక ఇస్తారా. ఎన్ని మార్కులు దాటితే ఇస్తారు. చదువు అయ్యాక ఎన్నేళ్లు ఉండాలి, మధ్యలో మానేస్తే మొత్తం తిరిగి కట్టాలా, మిగిలిన కాలానికేనా. ఫలితాల తర్వాతే ఇచ్చే చోట తర్వాతి సెమిస్టర్ ఫీజు గడువు ముందొస్తుంది, వాపసు వెనక వస్తుంది. కాబట్టి ఎప్పుడూ రెండు సెమిస్టర్ల డబ్బు మన దగ్గర ఆడుతూ ఉండాలి. పుస్తకాలు పాత ఎడిషన్లయినా ఫరవాలేదు, అభ్యాసం లెక్కల నంబర్లు మారతాయంతే.

చివరి ఏడాది ప్రాజెక్టుకు ప్లాంటు డేటా వాడుకుందామని అందరికీ ఉంటుంది. అనుమతి కాగితం చేతికొచ్చేదాకా ఒక్క ట్రెండ్ (రికార్డయిన గ్రాఫ్) కూడా పెన్‌డ్రైవ్‌లో బయటికి తీసుకెళ్లకండి. ఆ సంతకాలకు ఒక సెమిస్టర్ పడుతుందని ముందే అనుకుని, ప్రాజెక్టు మొదలయ్యే సెమిస్టర్‌కు ముందే దరఖాస్తు పెట్టాలి. మోటారు కరెంటు రికార్డు చేయబోతున్నవాళ్లకు ఒక మాట. లాగర్ నిమిషానికోసారి సగటు రాసుకుంటుంటే కొన్ని సెకన్ల స్టార్టింగ్ కరెంటు అందులో కరిగిపోతుంది, ఆరు రెట్లు వెళ్లిన కరెంటు మామూలు లోడులా కనపడుతుంది. స్టార్టింగ్ కావాలంటే ఏసీ ప్రతి సైకిల్‌కూ ఆర్ఎంఎస్ (మీటరు చూపించే ప్రభావ విలువ) పట్టే రికార్డర్, ట్రిగ్గర్ సెట్టింగు ఉండాలి. నెల రోజుల డేటా తీశాక ఇది తెలిస్తే మళ్లీ షెడ్యూల్ దొరకడం కష్టం.

ఆఖరి పరీక్షకూ పట్టా చేతికి రావడానికీ మధ్య నెలలు గడుస్తాయి. ప్రొవిజనల్ సర్టిఫికెట్ అడిగితే త్వరగా ఇస్తారు, దానితో దరఖాస్తులు మొదలుపెట్టొచ్చు. ఉన్నచోటే ఇంజనీరు పోస్టు ఖాళీ ఉంటుందన్న గ్యారంటీ లేదు. ఉన్నా కొత్త గ్రాడ్యుయేటు గ్రేడులోనే తీసుకుంటామంటారు. ఆ గ్రేడుకు ఓవర్‌టైమ్, షిఫ్ట్ అలవెన్సు ఉండవు. సీనియర్ టెక్నీషియన్ చేతికొచ్చే జీతం కంటే మొదటి ఏడాది రెండేళ్లు తగ్గే అవకాశం ఉంది. బేసిక్‌ను కాకుండా గత పన్నెండు నెలల మొత్తం ఆదాయాన్ని చూపించి మాట్లాడితే కొంత సర్దుతారు. సర్వీస్ సర్టిఫికెట్‌లో "టెక్నీషియన్" అని ఒక్క ముక్క రాయించుకుని వదలకండి. ఏ వోల్టేజీ వరకు పనిచేశారు, ఏ పరికరాల టెస్టింగ్ చేశారు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్నది విడివిడిగా రాయించుకోండి. ఇంజనీరుగా లైసెన్సు, రిజిస్ట్రేషన్ ఉన్న చోట డిగ్రీకి ముందు చేసిన పనిని కొంతే లెక్కలోకి తీసుకోవచ్చు, అసలు తీసుకోకపోనూవచ్చు. ఆ కొంత వచ్చేది కూడా ఈ వివరాలు కాగితం మీద ఉంటేనే. సంతకం పెట్టగలిగే మేనేజరు బదిలీ కాకముందే ఆ కాగితం తీసుకోవాలి.